కళ్ల సాయిబు

మస్తాన్ మా అమ్మ పటాన్ని ఒక పాత ఫ్లెక్సీ ముక్కలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఆ ముక్క మీద ఎవరిదో సగం ముఖం, పక్కన సగం పూలదండ ఉన్నాయి. మస్తాన్ వాళ్ల నాన్న పోయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

“నాయన పూర్తి చేసే పోయాడు బాబాయ్. మీ వస్తువు మీకియ్యాలిగా,” అన్నాడు గుమ్మంలోనే నిలబడి. లోపలికి రమ్మన్నా రాలేదు. నేను చుట్టు విప్పేలోగా బండి తీసుకుని వెళ్లిపోయాడు.

విప్పి చూశాను. మళ్లీ చుట్టేసి బల్ల మీద బోర్లా పెట్టాను. రోజూ అర పేజీకి తగ్గకుండా డైరీ రాసే అలవాటు నాకు. ఆ రోజు ‘పటం వచ్చింది’ అన్న మాటకు మించి సాగలేదు. ఆ పటంలో మా అమ్మ ముఖానికి మా అక్క కళ్లు ఉండాలి. మా అక్క చూపు ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క చోటే. అది నాకు తిరిగి వస్తుందన్న ఆశతోనే పటాన్ని మస్తాన్ వాళ్ల నాన్న చేతికిచ్చాను. ఆయన ఎలాంటి మనిషో చెబితే గాని మిగతాది చెప్పలేను.

నరసరావుపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. కళ్ల సాయిబు అంటేనే తెలిసేది. పల్లెల నుంచి శుక్లాలతో వచ్చిన ముసలివాళ్లు ఆ పేరు విని ఆయన దుకాణం మెట్లెక్కేవారు. “నేను తెరిచేది పోయినోళ్ల కళ్లు పెద్దమ్మా. నీకింకా చానా టైముంది. ఆ సందులో ఆస్పత్రి ఉంది, పో,” అని దారి చూపించేవాడు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో మనిషి బతికుండగా ఫోటో తీయించాలన్న ఆలోచనే ఉండేది కాదు. పోయాక గుర్తొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనక దిండు పెట్టి, బొట్టు దిద్ది ఒక ఫోటో తీయించేవారు. దాన్ని పెద్దది చేయించి ఆయనకు ఇచ్చేవారు. ఆయన ముక్కులోని దూది చెరిపేసేవాడు. దవడకు కట్టిన గుడ్డ తీసేసి అక్కడ చెవి, జుట్టు గీసేవాడు. అన్నీ అయ్యాక, మూసి ఉన్న రెప్పల మీద రంగుతో కళ్లు తెరిచేవాడు.

కళ్లు ఊహించి వేసేవాడు కాదు. ఇంట్లో పోలిక ఉన్నవాళ్లెవరైనా వచ్చి ఎదురుగా కూర్చోవాలి. వాళ్ల కళ్లు చూసి పోయినవాళ్లకు వేసేవాడు. “కళ్లు ఎక్కడికీ పోవు గుమాస్తా గారూ. ఇంట్లోనే ఎవురో ఒకరి దగ్గర ఉంటయ్. పట్టుకోవాలంతే,” అనేవాడు. నేను కోర్టులో గుమాస్తాగా పనిచేసి దిగిపోయి ఎన్నేళ్లయినా ఆయన నోట నా పిలుపు మారలేదు.

కుంచె మొనను నాలుకతో తడిపి సన్నగా చేసుకునేవాడు. అందుకే ఆయన నాలుక ఎప్పుడూ నల్లగా ఉండేది. రంజాన్ నెలలో మాత్రం కళ్ల పని ముట్టుకునేవాడు కాదు. తడపకపోతే మొన నిలవదు, తడిపితే ఉపవాసం చెడుతుంది. ఆ నెలలో పోయినవాళ్లు పండగ దాకా కళ్లు మూసుకునే ఉండాలని ఊళ్లో నవ్వుకునేవారు.

ఎదుటి మనిషిని చూసేటప్పుడు ఎడమ రెప్పను సగానికి దించేవాడు. కుడి కన్ను మాత్రం కదలకుండా మన మీదే ఉండేది. పనిలో ఉన్నా, టీ తాగుతున్నా అదే చూపు. మనల్ని కొలుస్తున్నట్టు ఉండేది. కోర్టు ముందు టీ బంకు దగ్గర ఒక పెద్ద ప్లీడరు గారు కేకలేసేవారు.

“ఒరేయ్ సాయిబూ, నన్నట్టా చూడమాక. మా వాళ్లకి ఆశ పుట్టిద్ది.”

“మీది తేలిక ప్లీడరు గారూ. మీ అబ్బాయికి అచ్చం మీ కళ్లే. ఎప్పుడైనా పర్లేదు.”

బంకు దగ్గరున్న వాళ్లంతా నవ్వేవారు. ప్లీడరు గారూ నవ్వేవారు గాని, గ్లాసు పట్టుకుని అటు తిరిగి తాగేవారు.

ఆయనకొక పట్టింపు ఉండేది. కంటిపాపలో వెలుగు కోసం తెల్లటి చుక్క పెట్టడం చివరి పని. ఆ చుక్క పడితే గాని కన్ను చూడదు. అది పెట్టేటప్పుడు ఇంటి మనిషిని పటానికి ఎదురుగా కూర్చోబెట్టి, తాను పక్కకు జరిగి, ముఖం అటు తిప్పుకుని, ఓరగా చూస్తూ చెయ్యి చాపి పెట్టేవాడు. ఎందుకని అడిగాను ఒకసారి.

“మొదటి చూపు వాళ్లోళ్ల మీద పడాలి. నా మీద పడిందనుకో, నా వెంట పడతారు. ఇంతమందిని నేనేడ పెట్టుకునేది?” అని నవ్వాడు.

మా అమ్మకు ఫోటో అంటే భయం. తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేది. అందువల్ల ఆమెనూ కుర్చీలో కూర్చోబెట్టే తీయించాం. కళ్లు తెరిచే రోజు అక్కా నేనూ ఆయన దుకాణానికి వెళ్లాం. అప్పట్లో అది ఒక ఫోటో స్టూడియోకి ఆనుకుని ఉన్న చిన్న గది. గోడకు ఒక అద్దం, దానికి దారంతో కట్టిన దువ్వెన. ఫోటోలకు వచ్చినవాళ్లు అక్కడే తల దువ్వుకునేవారు.

అక్కను స్టూలు మీద కూర్చోబెట్టి రెప్ప దించి చూశాడు.

“అమ్మా, మీ అమ్మని పిలిస్తే ఎట్టా చూసేది?”

“పిలిస్తే చూసేది కాదు. పని చేసుకుంటానే ‘ఊఁ’ అనేది. మనం వెళ్లిపోతుంటే అప్పుడు చూసేది,” అంది.

“అయితే నేను పోతన్నా అనుకుని చూడు,” అని ఆయన నాలుగడుగులు గుమ్మం వైపు నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాడు. అక్క ఆ చూపు చూసింది. ఆయన గబగబా వచ్చి కుంచె అందుకున్నాడు.

పటం ఇంటికి తెచ్చాక మా నాన్న దాని ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు. కళ్ల కింద వాపు ఉంది. అప్పుడే ఏడ్చి తుడుచుకున్నట్టు తడి ఉంది. నాన్న నన్ను వెంటబెట్టుకుని మళ్లీ దుకాణానికి వెళ్లాడు.

“ఇదేందయ్యా, మా ఆడమనిషి ఎప్పుడూ ఏడవలా. ఏడిసిన కళ్లు పెట్టావు.”

“ఏడిసిన కళ్లే వచ్చినయ్ పెద్దాయనా. ఆ రోజు మీ ఇంట్లో నుంచి నవ్వే కళ్లు ఎవురూ తేలా,” అన్నాడు.

నాన్న ఇంటికి తిరిగొచ్చి మేకు కొట్టాడు. పటం గోడకెక్కింది. మా అమ్మ తన చావుకు తానే ఏడ్చినట్టు, మేము గుమ్మం దాటుతుంటే వెనక నుంచి చూస్తున్నట్టు, అన్నేళ్లూ ఆ గోడ మీద ఉంది.

తర్వాత అందరి చేతుల్లోకీ కెమెరాలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. శవాన్ని కూర్చోబెట్టే అవసరం పోయింది. స్టూడియో మూసేశారు. మస్తాన్ మధ్య గోడ పగలగొట్టి రెండు గదులూ కలిపి ఫ్లెక్సీల దుకాణం పెట్టాడు. ఆయనకు ఒక మూల మిగిలింది. అద్దమూ దువ్వెనా ఆ మూలకు చేరాయి.

మస్తాన్ కంప్యూటరులో కళ్ల జతలు దాచిపెట్టుకునేవాడు. మగవాళ్లవి, ఆడవాళ్లవి, కళ్లజోడు ఉన్నవి. ఫోటోలో కళ్లు మసగ్గా ఉన్నా, మూసుకుని ఉన్నా వాటిలో ఒక జత తీసి అతికించేవాడు. ఈ మధ్య ఆ బాధ కూడా లేదు, ఫోనే తెరిచేస్తుంది. నేను ఆయన పక్కన కూర్చుని ఉండగా తండ్రీ కొడుకుల మాటలు ఇలా సాగేవి.

“ఒరేయ్, ఈయన శావల్యాపురం రైతు కదరా. మొన్న పోయిన పంతులమ్మ చూపు ఈయనకెట్టా వచ్చింది?”

“చూపేంది నాయనా? వాళ్లోళ్లే చానా బాగుందని మెచ్చుకుని పట్టుకెళ్లారు.”

“బాగుండక ఏం. ఆయమ్మ మంచిది.”

“నువ్వు ఒక జత కళ్లకి పూటంతా మనిషిని కూసోబెట్టి చూస్తావు. నన్ను శవం లేచేలోపు ఫ్లెక్సీ కట్టమంటారు. ఏం చెయ్యమంటావు చెప్పు. అయినా అది కట్టేది నాలుగు రోజులు. ఆ తర్వాత గడ్డివాము మీద కప్పుకుంటారు.”

కొడుకు మాటలో తప్పు లేదని ఆయనకు తెలుసు. కోపం కూడా ఉండేది కాదు. ఫ్లెక్సీ యంత్రం నుంచి ముఖాలు ఒక్కో గీతగా దిగుతుంటే, కళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల తిప్పుకునేవాడు.

ఒక సాయంత్రం ఇద్దరం బస్టాండు వైపు నడుస్తున్నాం. దారి పొడవునా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

“గుమాస్తా గారూ, చూడండి. ఆయనా, ఈయనా, ఆ చివర ఆయమ్మా. ఊరంతా ఒక్కడే చూస్తన్నాడు. ఎవుడో ఏందో వాడు.”

చూశాను. మీసాలు వేరు, బొట్లు వేరు, తలపాగాలు వేరు. చూపు మాత్రం ఒకటే. ఎవరినీ గుర్తుపట్టని చూపు. ఆ తర్వాత నేను ఆ దారిన నడవడం తగ్గించాను.

అక్క పోయి కొన్నేళ్లయింది. ఆమెకు ఫోటోలకేం లోటు లేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో తీసినవి కుప్పలు. అన్నింటిలోనూ అక్క కెమెరా వైపు చూసి నవ్వుతూ ఉంటుంది. నేను ఇంట్లోంచి కదిలితే వెనక నుంచి చూసే అక్క వాటిలో లేదు. మా ఆవిడ కూడా దాటిపోయాక, పిల్లలు లేని ఇంట్లో, బయటికి వెళ్లేటప్పుడు నన్ను సాగనంపేది ఆ పటమొక్కటే.

నిరుటి వానలకు గోడ కారింది. నీళ్లు పటం చట్రంలోకి దిగాయి. పొద్దున్నే లేచి చూసేసరికి ఒక కన్ను కరిగి, నల్లటి గీతగా చెంప మీదికి జారింది. రెండో కన్ను ఎప్పటిలాగే నన్ను చూస్తూ ఉంది.

పటం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆయనకు రెండు కళ్లకూ ఆపరేషన్లయ్యాయి. చెయ్యి వణుకుతోంది. పటం అద్దం ఊడదీసి, దూది తడిపాడు.

“రెండూ తీసెయ్యాలి. ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అయితే ఇద్దరు మనుషులు చూసినట్టుంటది.”

నేను వద్దనే లోపే తుడిచాడు. రంగు కిందనుంచి మూసిన రెప్పలు బయటపడ్డాయి. దిండుకు తల ఆనించి కూర్చోబెట్టిన అమ్మ. ఆ రోజు ఇంట్లో వెలిగించిన ఊదొత్తుల వాసన నాకు నిజంగానే వచ్చింది. ఆయన నా ముఖం చూసి, చిన్న కాగితం ముక్క చించి ఆ రెప్పల మీద కప్పాడు.

“అక్క కళ్లు నీకు గుర్తున్నాయా సాయిబూ?”

“ఏసిన కళ్లు గుర్తుండవు గుమాస్తా గారూ. అయ్యన్నీ గుర్తుంటే నేను బతకలేను.”

“అక్క ఫోటోలు చానా ఉన్నాయి.”

“ఫోటోలో కళ్లు కెమెరానే చూస్తయ్. మనిషిని చూడవు. మీ అక్కకి బిడ్డ ఉందిగా, పిలిపించండి.”

మా మేనకోడలిది ఈపూరు. ఫోన్ చేశాను.

“పత్తి తీత మీద ఉన్నాం మామయ్యా. కూలోళ్లు దొరకటం లా. ఇది కానీ, వస్తా. అయినా పటం పక్కన నేను దిగిన ఫోటో ఫోన్లో ఉంది. అది పంపితే సరిపోదా?”

సరిపోదన్నాను. ఈలోగా నాకు జ్వరం పట్టుకుంది, ఆస్పత్రిలో చేరాను. మస్తాన్ ఫోన్ చేశాడు. “ఎవురో ఒకరు వచ్చి కూసోమంటన్నాడు బాబాయ్ నాయన. రోజురోజుకీ చెయ్యి ఆడటం ఎక్కువైంది.” కాస్త లేవగానే వస్తానని చెప్పాను. లేచే లోపే ఆయన పోయాడన్న కబురు వచ్చింది. శుక్రవారం నమాజుకు వెళ్లొచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదట.

ఆ తర్వాత వచ్చింది ఈ పటం.

అమ్మ తద్దినానికి మేనకోడలు ముందురోజే వచ్చింది. ఇక దాచడానికి లేక చుట్టు విప్పి బల్ల మీద నిలబెట్టాను. ఆమె పసుపు చేతులతోనే దగ్గరికి వచ్చి, ఒక్క అడుగు వెనక్కి వేసింది.

“ఎవరు మామయ్యా ఇది?”

“మీ అమ్మమ్మే.”

“ముఖం అమ్మమ్మదే. చూసేది ఎవరు?”

నాకు తెలుసు. ఊళ్లో ఆయన్ని ఎరిగిన ఎవరికైనా తెలుస్తుంది. ఒక రెప్ప సగానికి దిగి ఉంది. రెండో కన్ను కదలకుండా మన మీదే ఉంది. ఒక్కటే నాకు అర్థం కాలేదు. ఆయన దించేది ఎడమ రెప్ప. పటంలో దిగింది కుడి రెప్ప.

మేనకోడలు ఊరుకోలేదు. ఆ పటం పక్కన తాను దిగిన పాత ఫోటోను ఫోన్లోంచి మస్తాన్‌కు పంపింది. “మా అమ్మ కళ్లు ఇందులో ఉన్నాయి తమ్ముడూ. ఇయ్యే పెట్టు,” అంది. సాయంత్రానికల్లా అతను పటమంత సైజులో అచ్చు తీసి తెచ్చాడు. అమ్మ ముఖం, అక్క కళ్లు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. కళ్ల కింద వాపు లేదు. తడి లేదు. ఎక్కడా ఏడ్చిన గుర్తే లేదు.

“ఇక్కడ కాస్త ఉబ్బు ఉండాలి మస్తాన్.”

“ఫోన్లో చిన్న ఫోటో బాబాయ్. పెద్దది చేస్తే మసక. క్లియర్ చెయ్యమంటే అదే నున్నగా చేసేసిద్ది. మచ్చలనుకుంటది.”

మేనకోడలు అచ్చును గుండెలకు ఆనించుకుంది. “ఎంత బాగుందో అమ్మ,” అంది. తన తల్లి ఆ స్టూలు మీద ఎలా కూర్చుందో ఆ పిల్ల చూడలేదు. నేను చెప్పలేదు. తద్దినంలో ఆ అచ్చుకే దండ వేశాం. మర్నాడు దాన్ని ఈపూరు తీసుకెళ్లింది. అక్క కళ్లు ఇక నాకు దొరకవు.

ఆమెను బస్సెక్కించి వచ్చేసరికి మస్తాన్ వరండాలో ఉన్నాడు. ఈసారి లోపలికి వచ్చాడు. పటం ఎదుట నిలబడ్డాడు.

“నువ్వు ముందే చూశావు కదూ?”

“చూశా. అందుకే చుట్టి తెచ్చా.”

“ఎట్టా వేశాడురా?”

“నేను కూసుంటా నాయనా అన్నా. నీయి మీ అమ్మ కళ్లురా, పనికిరావన్నాడు. ఆ దువ్వెన అద్దం తీసి పటం పక్కన పెట్టుకున్నాడు. ఏ కళ్లైనా రెప్ప ఎట్టా నిలబడిద్దో, అది చూసుకుంటున్నా అన్నాడు. రెండు రోజులు చూసుకుంటానే ఉన్నాడు.”

అద్దంలో చూసి వేసిన కళ్లు. ఎడమ రెప్ప కుడి పక్కకు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆయన అక్క కళ్ల కోసమే వెతికి ఉంటాడు. అద్దంలో ఎంతసేపు వెతికినా ఆయనే కనిపించి ఉంటాడు.

“చుక్క పెట్టేటప్పుడు పక్కకి తిరిగాడా?”

మస్తాన్ పటం వంక చూశాడు. “తిరిగితే చెయ్యి నిలవటం లా బాబాయ్. ఎదురుగా కూసునే పెట్టాడు.”

మొదటి చూపు ఆయన మీదే పడింది. నేను అలాంటివి నమ్మే మనిషిని కాను. నమ్మనని ఇప్పుడు గట్టిగా అనలేను.

“మీకు ఇబ్బందిగా ఉంటే తుడిచేస్తా. తడి దూది చాలు,” అన్నాడు మస్తాన్. అంటూనే రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“మీ నాయన ఫోటో ఇంట్లో ఉందా?”

“మా ఇంట్లో బొమ్మలు పెట్టం బాబాయ్. ఉన్నది ఆధార్ కార్డు మీదే. అందులో కళ్లు మూసుకున్నాడు.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “బజారోళ్లు ఫ్లెక్సీ కడతామన్నారు. వద్దంటే వినలా. కంప్యూటరు ముందు కూసున్నా. అందరికీ తెరుస్తా కదా. ఆయనకి ఎవురియి పెట్టను?”

పటాన్ని నేనే లేపి గోడకు తగిలించాను. అతను మేకు సరిగ్గా ఉందో లేదో చూసి, కాస్త ఎడమకు జరిపి వెళ్లిపోయాడు. ఇప్పుడు అప్పుడప్పుడు ఇటు వచ్చానంటూ వస్తాడు. మంచినీళ్లు అడుగుతాడు. తాగుతూ గోడకేసి చూస్తాడు. ఆ కాసేపూ నేను లోపల ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటాను.

నా కుర్చీ రెండుసార్లు జరిపాను. ఎక్కడ వేసుకున్నా ఆ చూపు అందుతుంది. అక్క చూపు నన్ను బయటికి సాగనంపేది. ఈ చూపు సాగనంపదు. రెప్ప దించి, ఓపిగ్గా, నన్ను కొలుస్తుంది. కొలత అయిపోయాక నా వెనక్కి చూస్తుంది, ఈ ఇంట్లో నా కళ్లు ఎవరి దగ్గర ఉన్నాయా అని.

వెనక ఎవరూ లేరు.